బాల్యంలో మెదడు కణితికి రేడియేషన్: ఆ తర్వాత రక్తనాళాలకు కలిగే హాని

బాల్యంలో మెదడు కణితికి రేడియేషన్ చికిత్స పొందినవారిలో కొందరికి మెదడు రక్తనాళాలు క్రమంగా చెడిపోతాయి. ఇది చికిత్స ముగిసిన కొన్ని నెలలకే కనబడవచ్చు, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాతా బయటపడవచ్చు. పెద్ద ధమనులు సన్నబడి మూసుకుపోతాయి. చిన్న నాళాల గోడలు బలహీనపడి రక్తం చిమ్ముతుంది, కొన్నిచోట్ల సున్నం పేరుకుంటుంది. ఫలితంగా పక్షవాతం, మూర్ఛ, తీవ్రమైన తలనొప్పి, జ్ఞాపకశక్తి తగ్గడం వంటివి రావచ్చు. ఈ మార్పులన్నిటినీ కలిపి వైద్యులు రేడియేషన్ వాస్క్యులోపతి అంటారు.

తెలుగునాట రోగులు, వారి బంధువులు రేడియేషన్ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటుంటారు. కరెంటు పెట్టడం అయిపోతే జబ్బు పని అయిపోయినట్టేనని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కణితి వరకు ఆ మాట చాలాసార్లు నిజమవుతుంది. రక్తనాళాల సంగతి వేరు. వాటిని జీవితాంతం కనిపెట్టి ఉండాలి. ఈ విషయం కుటుంబానికి ముందే తెలిస్తే రాబోయే ప్రమాదాల్లో కొన్నిటిని ఆపవచ్చు, కొన్నిటిని తొలి దశలోనే పట్టుకోవచ్చు.

చారిత్రక నేపథ్యం

రాంట్‌జన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్దికాలానికే వాటిని కణితుల మీద వాడటం మొదలైంది. పిల్లల చిన్నమెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమాకు 1925లో పెర్సివల్ బెయిలీ, హార్వీ కుషింగ్ ఆ పేరు పెట్టారు. అప్పట్లో అది దాదాపు మరణశాసనమే. మెదడుకూ వెన్నుపాముకూ మొత్తంగా రేడియేషన్ ఇస్తే ఈ పిల్లల్లో కొందరు బతుకుతున్నారని మాంచెస్టర్‌కు చెందిన ఎడిత్ పాటర్సన్, ఫార్ 1953లో ప్రకటించారు. 1960లలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో, సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ బృందం రక్తక్యాన్సర్ పిల్లలకు మందులతో పాటు తలకు కూడా రేడియేషన్ ఇచ్చింది. వారిలో సగం మందికి జబ్బు నయమైంది.

ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాకే చికిత్స తాలూకు దీర్ఘకాల ప్రభావాలు లోకానికి తెలిశాయి. ఈలోగా జపాన్‌లో వైద్యులు ఒక వింత జబ్బును గమనించారు. మెదడు అడుగున ఉన్న పెద్ద ధమనులు మూసుకుపోయి, వాటి చుట్టూ సన్నని నాళాలు గుబురుగా పుట్టుకొస్తున్నాయి. 1957లో తొలిసారి వర్ణించిన ఈ స్థితికి 1969లో సుజుకి, తకాకు ‘మోయమోయ’ అని పేరు పెట్టారు. జపాన్ భాషలో ఆ మాటకు గాలిలో తేలే పొగ అని అర్థం. యాంజియోగ్రామ్‌లో ఆ సన్నని నాళాల గుంపు అచ్చం పొగ తెరలాగే కనిపిస్తుంది. తలకు రేడియేషన్ పొందిన పిల్లల్లోనూ ఇదే చిత్రం కనబడుతోందని తర్వాత తెలిసింది.

మెదడుకు రక్తం చేరే దారి

శరీరం బరువులో మెదడు వాటా సుమారు రెండు శాతమే. శరీరం వాడుకునే ప్రాణవాయువులో మాత్రం దాదాపు ఇరవై శాతం దానికే కావాలి. మెడలో ముందు వైపు రెండు కెరోటిడ్ ధమనులు, వెనక వైపు రెండు వెర్టెబ్రల్ ధమనులు ఈ సరఫరా చూస్తాయి. మెదడు అడుగు భాగాన ఇవి ఒకదానితో ఒకటి కలిసి ఒక వలయంగా ఏర్పడతాయి. 1664లో తన గ్రంథంలో దీన్ని వర్ణించిన ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ పేరు మీద దీన్ని విల్లిస్ వలయం అంటారు. ఒక దారి మూసుకుపోతే మరో దారి నుంచి రక్తం అందించడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది.

ఈ వలయం ఉన్న చోటే అసలు చిక్కు. పీయూష గ్రంథి, రెండు కంటి నరాలు కలుసుకునే కూడలి, ఆకలిదప్పులను నియంత్రించే హైపోథాలమస్ అన్నీ దాని మధ్యలోనో పక్కనో ఉంటాయి. పిల్లల్లో వచ్చే క్రేనియోఫారింజియోమా, కంటి నరం మీది గ్లయోమా, కొన్ని జెర్మినోమాలు సరిగ్గా అక్కడే పుడతాయి. అక్కడి కణితికి రేడియేషన్ ఇస్తే, దాన్ని ఆనుకుని సాగే ధమనులకు కూడా దాదాపు అంతే మోతాదు చేరుతుంది.

రేడియేషన్ నాళాన్ని ఎలా దెబ్బతీస్తుంది

రేడియేషన్ మోతాదును ‘గ్రే’లలో కొలుస్తారు. చాలా మెదడు కణితులకు మొత్తం 50 నుంచి 54 గ్రేల వరకు ఇస్తారు. ఒక్కో సిట్టింగ్‌లో 1.8 గ్రేలు, వారానికి ఐదు రోజులు, సుమారు ఆరు వారాలు. తల కదలకుండా ఉండటానికి, వేడినీటిలో మెత్తబడే ప్లాస్టిక్ జాలీని బిడ్డ ముఖం మీద ఒత్తి, ఆ ముఖానికే సరిపోయే ముసుగు తయారుచేస్తారు. ఆ ముసుగును బల్లకు బిగించి కొద్ది నిమిషాల సేపు కిరణాలు పంపుతారు. మరీ చిన్నపిల్లలకు ప్రతిరోజూ మత్తు ఇవ్వాల్సి ఉంటుంది. మోతాదును ఇలా విడగొట్టడానికి కారణం ఉంది. ఒక సిట్టింగ్‌కూ మరో సిట్టింగ్‌కూ మధ్య ఆరోగ్యంగా ఉన్న కణాలు తమ గాయాలను చాలావరకు సరిచేసుకుంటాయి. కణితి కణాలకు ఆ శక్తి తక్కువ.

మరమ్మతు అన్నిచోట్లా పూర్తిగా జరగదు. ప్రతి రక్తనాళానికీ లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన పరుచుకున్న పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. రక్తం గడ్డకట్టకుండా జారిపోయేలా చూసేది, నాళం ఎప్పుడు వెడల్పవ్వాలో ఎప్పుడు ముడుచుకోవాలో చెప్పేది ఈ పొరే. రేడియేషన్ ఈ కణాల డీఎన్ఏను తెంచుతుంది. కొన్ని కణాలు వెంటనే చనిపోతాయి. మిగిలినవి గాయంతోనే బతికి, ఎప్పుడో విభజన చెందాల్సి వచ్చినప్పుడు చనిపోతాయి. ఈ కణాలు చాలా నెమ్మదిగా విభజన చెందుతాయి కాబట్టి నష్టం ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

పొర చినిగిన చోట వాపు పుడుతుంది. లోపలి గోడ దళసరి అవుతుంది, పీచు కణజాలం పెరుగుతుంది, ధమని దారి ఇరుకవుతుంది. సాగే గుణం పోయిన గోడ గట్టిపడుతుంది. పెద్దల ధమనుల్లో దశాబ్దాల పాటు కొవ్వు పేరుకుని జరిగే మార్పులాంటిది, ఇక్కడ పదేళ్ల బిడ్డలో కొద్ది ఏళ్లలోనే జరిగిపోతుంది. చిన్న నాళాల్లో కథ మరోలా నడుస్తుంది. కొన్ని కేశనాళికలు అసలే మాయమవుతాయి. మిగిలినవి ఉబ్బి, గోడలు పలచబడతాయి. రక్తం చాలని కణజాలం కొత్త నాళాల కోసం సంకేతాలు పంపుతుంది. అలా పుట్టుకొచ్చినవి పెళుసుగా ఉంటాయి.

ప్రధాన రూపాలు

పెద్ద ధమనులు సన్నబడటం, మోయమోయ: కెరోటిడ్ ధమని చివరి భాగం, దాని నుంచి చీలే కొమ్మలు ఎక్కువగా దెబ్బతింటాయి. మెదడు పక్కదారులు వెతుక్కునే క్రమంలో పొగ తెరలాంటి నాళాలు మొలుస్తాయి. అవి అవసరానికి సరిపడా రక్తం అందించలేవు, పైగా చిట్లే ప్రమాదం కూడా ఉంటుంది.

కేవర్నోమా: పలచని గోడలున్న నాళాలు ముద్దగా చేరి ఏర్పడే చిన్న గుత్తి ఇది. ఎమ్మారైలో పేలాల గింజలా కనిపిస్తుంది. రేడియేషన్ తర్వాత ఇవి ఒకటికి మించి రావచ్చు. చాలావరకు ఏ బాధా పెట్టవు. కొన్ని మాత్రం చిట్లి రక్తస్రావానికీ మూర్ఛకూ దారితీస్తాయి.

సూక్ష్మ రక్తస్రావాలు: చిన్న నాళాల నుంచి చుక్కలుగా చిమ్మిన రక్తం తాలూకు ఇనుము మెదడులో మచ్చలుగా మిగులుతుంది. కాలం గడిచేకొద్దీ వీటి సంఖ్య పెరుగుతుంది.

సున్నం పేరుకునే సూక్ష్మనాళ రుగ్మత: తలకు రేడియేషన్‌తో పాటు మెథోట్రెక్సేట్ మందు పొందిన రక్తక్యాన్సర్ పిల్లల్లో దీన్ని ఎక్కువగా గుర్తించారు. సిటీ స్కాన్‌లో తెల్లని మచ్చలుగా కనిపిస్తుంది.

స్మార్ట్ సిండ్రోమ్: రేడియేషన్ జరిగిన ఏళ్ల తర్వాత పార్శ్వపు తలనొప్పి, మాట తడబాటు, ఒక పక్క బలహీనత, మూర్ఛ కలిసి వస్తాయి. చూడటానికి పక్షవాతంలాగే ఉంటుంది. చాలామందిలో రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోతుంది. కొందరిలో కొంత లోపం మిగులుతుంది.

వీటితో పాటు అరుదుగా ధమని గోడ బుడగలా ఉబ్బడం కూడా జరుగుతుంది.

ముప్పు ఎవరికి, ఎంత

ఈ ప్రశ్నకు పెద్ద ఎత్తున జవాబిచ్చింది అమెరికా, కెనడాల్లో సాగుతున్న బాల్య క్యాన్సర్ విజేతల అధ్యయనం. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, బాల్యంలో మెదడు కణితి నుంచి బయటపడినవారికి పక్షవాతం వచ్చే అవకాశం వారి తోబుట్టువులతో పోలిస్తే 29 రెట్లు, రక్తక్యాన్సర్ నుంచి బయటపడినవారికి 6.4 రెట్లు ఎక్కువ. రెట్ల సంఖ్య భయపెట్టేలా ఉన్నా, ఆ వయసు తోబుట్టువుల్లో పక్షవాతం చాలా అరుదు అన్న సంగతి గుర్తుంచుకోవాలి. అదే అధ్యయనం 2013లో మరో లెక్క చెప్పింది. తలకు 50 గ్రేలు, అంతకు మించి రేడియేషన్ పొందినవారిలో జబ్బు గుర్తించిన పదేళ్లకు 1.1 శాతం మందికి, ముప్పై ఏళ్లకు 12 శాతం మందికి పక్షవాతం వచ్చింది. నూటికి ఎనభై ఎనిమిది మందికి రాలేదన్నది ఎంత నిజమో, వయసుతో ముప్పు తగ్గకపోగా పెరుగుతోందన్నదీ అంతే నిజం. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం కూడా ఎక్కువేనని 2015లో తేలింది.

మోయమోయ గురించి బోస్టన్ వైద్యులు 2007లో 345 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. వారిలో 12 మందికి, అంటే 3.5 శాతం మందికి, ఈ స్థితి వచ్చింది. విల్లిస్ వలయానికి చేరిన మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది.

ముప్పును పెంచే కారణాల్లో ముఖ్యమైనవి ఇవి: ఎక్కువ మోతాదు, కణితి విల్లిస్ వలయం దగ్గర ఉండటం, చికిత్స నాటికి బిడ్డ వయసు మరీ తక్కువగా ఉండటం, న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకం అనే జన్యు రుగ్మత ఉండటం. ఒంటి మీద కాఫీరంగు మచ్చలతో కనిపించే ఈ రుగ్మత ఉన్న పిల్లల్లో రక్తనాళాలు సహజంగానే బలహీనం. బోస్టన్ అధ్యయనంలో ఈ పిల్లలకు మోయమోయ సుమారు 38 నెలలకే కనిపించింది, మిగతావారికి 55 నెలలు పట్టింది. ఆ తర్వాత జీవితంలో చేరేవి రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్, పొగతాగడం. 2013 నాటి అధ్యయనంలో రక్తపోటు ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు నాలుగు రెట్లు ఉంది. పొందిన రేడియేషన్‌ను ఇప్పుడు వెనక్కి తీయలేం. రక్తపోటును మాత్రం అదుపులో పెట్టగలం.

లక్షణాలు

ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు చచ్చుబడటం, మాట ముద్దగా రావడం, చూపు తగ్గడం పక్షవాతానికి గుర్తులు. కొన్ని నిమిషాలు ఉండి వాటంతటవే తగ్గిపోయినా వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. అవి రాబోయే పెద్ద దెబ్బకు ముందస్తు హెచ్చరికలు.

మోయమోయ ఉన్న పిల్లల్లో ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు, బెలూన్ ఊదినప్పుడు, వేడివేడి అన్నం చల్లారాలని ఉఫ్ ఉఫ్ మని ఊదుకున్నప్పుడు చేతిలోని గ్లాసు జారిపోతుంది, లేదా మాట తడబడుతుంది. కాసేపటికి అంతా మామూలైపోతుంది. గబగబా ఊపిరి వదిలినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అది తగ్గితే మెదడు నాళాలు ముడుచుకుంటాయి. అప్పటికే ఇరుకైన ధమని ఇంకా ఇరుకై, ఆ కొద్దిసేపు రక్తం చాలదు. ఇది అల్లరీ కాదు, మారామూ కాదు. తలకు రేడియేషన్ పొందిన బిడ్డలో ఇలాంటిది ఒక్కసారి కనిపించినా వైద్యుడికి చెప్పాలి.

చిన్న నాళాల నష్టం ఇంత స్పష్టంగా కనబడదు. చదువులో వెనకబడటం, ఆలోచనలో నెమ్మది, మతిమరుపు, తరచూ తలనొప్పి దాని ఛాయలు కావచ్చు. వీటికి రేడియేషన్ వల్ల మెదడు తెల్లపదార్థానికీ హార్మోన్లకూ కలిగే మార్పులు కూడా కారణమవుతాయి కాబట్టి, బిడ్డను బద్ధకస్తుడని ముద్ర వేయకముందే పరీక్ష చేయించాలి.

గుర్తించే పరీక్షలు

ఎమ్మారై మొదటి పరీక్ష. అందులో భాగంగానే ధమనులను విడిగా చూపే ఎమ్మార్ యాంజియోగ్రామ్ తీయవచ్చు. దీనికి రేడియేషన్ అవసరం లేదు. రక్తపు మచ్చలను పట్టుకోవడానికి ఇనుముకు స్పందించే ప్రత్యేక చిత్రాలు తీస్తారు. మామూలు ఎమ్మారైలో కనబడని చుక్కలు వాటిలో నల్లగా తేలతాయి. శస్త్రచికిత్స ఆలోచిస్తున్నప్పుడు తొడ లేదా చేతి ధమని గుండా సన్నని గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్ అవసరమవుతుంది. కణితి తిరగబెట్టిందేమో చూడటానికి తీసే ఎమ్మారైలోనే ధమనులను కూడా గమనించమని అడగడం సులువైన, విలువైన జాగ్రత్త.

చికిత్స

సన్నబడిన ధమనిని మళ్లీ మామూలుగా మార్చే మందు లేదు. రక్తం గడ్డకట్టకుండా చూడటానికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. మెదడులో రక్తస్రావం జరిగినవారికి దీన్ని ఆచితూచి వాడాలి కాబట్టి సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆస్పిరిన్ వాడే పిల్లలకు ఫ్లూ, ఆటలమ్మ టీకాలు వేయించాలి. ఆ జ్వరాల్లో ఆస్పిరిన్ కాలేయానికీ మెదడుకూ ప్రమాదం తేవచ్చు. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బల్లో ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. నీరు తగ్గితే రక్తపోటు పడిపోయి, ఇరుకైన ధమనిలో ప్రవాహం ఇంకా సన్నగిల్లుతుంది. ఏ కారణంగానైనా మత్తు ఇవ్వాల్సి వస్తే మత్తు వైద్యుడికి ఈ సంగతి ముందే తెలియాలి.

మోయమోయ ముదిరితే శస్త్రచికిత్స చేస్తారు. చెవికి ముందు, కణత మీద వేలు ఆనిస్తే కొట్టుకుంటూ తగిలే ధమని ఉంది కదా. పుర్రెలో కిటికీలా చిన్న భాగం తెరిచి, ఆ ధమనిని మెదడు ఉపరితలానికి ఆనించి కుడతారు. కొన్ని నెలల్లో దాని నుంచి కొత్త నాళాలు మెదడులోకి చొచ్చుకుపోతాయి. పెద్ద పిల్లల్లో, పెద్దవారిలో ఆ ధమనిని నేరుగా మెదడు ధమనికి కలిపి కుట్టే పద్ధతి కూడా ఉంది. రేడియేషన్ పడిన నెత్తి చర్మం త్వరగా మానకపోవచ్చు కాబట్టి అనుభవం ఉన్న న్యూరోసర్జన్ అవసరం. పదేపదే చిట్లే కేవర్నోమాను, చేరుకోగల చోట ఉంటే, తొలగిస్తారు.

నివారణ: మోతాదు తగ్గించే ప్రయత్నాలు

బతికించాలి, కానీ హాని తక్కువగా జరగాలి. గత యాభై ఏళ్ల పిల్లల క్యాన్సర్ వైద్యమంతా ఈ రెండింటి మధ్య నడిచింది. మూడేళ్లలోపు పిల్లలకు ముందు కీమోథెరపీ ఇచ్చి రేడియేషన్‌ను వాయిదా వేయడం 1990ల నుంచి వాడుకలోకి వచ్చింది. న్యూరోఫైబ్రోమటోసిస్ ఉన్న పిల్లల కంటి నరం కణితికి వీలైనంతవరకు రేడియేషన్ జోలికి పోకుండా కీమోథెరపీ ఇస్తున్నారు. రక్తక్యాన్సర్‌లో పిల్లలందరికీ తల రేడియేషన్ లేకుండానే మంచి ఫలితం సాధించవచ్చని సెయింట్ జూడ్ వైద్యులు 2009లో చూపారు.

మెడుల్లోబ్లాస్టోమాలో సాధారణ ముప్పు ఉన్న పిల్లలకు మెదడు, వెన్నుపాము మొత్తానికి ఇచ్చే మోతాదు 36 గ్రేల నుంచి 23.4 గ్రేలకు తగ్గింది. ఇంకా తగ్గించి 18 గ్రేలు ఇస్తే ఎలా ఉంటుందని మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్లో పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం, ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 23.4 గ్రేల వర్గంలో 82.9 శాతం, 18 గ్రేల వర్గంలో 71.4 శాతం. రక్తనాళాల మీద భయంతో మోతాదును ఇష్టం వచ్చినట్టు తగ్గించకూడదని ఈ అంకెలు గట్టిగా చెబుతున్నాయి. ఈ వ్యాసం చదివి ఏ తల్లిదండ్రులూ బిడ్డకు అవసరమైన రేడియేషన్‌ను ఆపకూడదు.

ప్రోటాన్ చికిత్సలో కిరణాలు కణితి దగ్గర ఆగిపోతాయి కాబట్టి దాని వెనక ఉన్న మెదడుకు మోతాదు బాగా తగ్గుతుంది. దక్షిణాసియాలో తొలి ప్రోటాన్ కేంద్రం 2019లో చెన్నైలో మొదలైంది. అయితే కణితిని ఆనుకుని ఉన్న ధమనికి ప్రోటాన్లలోనూ మోతాదు తప్పదు. కాబట్టి ప్రోటాన్ చికిత్స పొందినవారికి కూడా పర్యవేక్షణ అవసరమే.

దీర్ఘకాల పర్యవేక్షణ

చికిత్స ముగిసిన పిల్లలను ఏళ్ల తరబడి చూసే ప్రత్యేక క్లినిక్‌ను ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1991లో ప్రారంభించింది. తెలుగు పిల్లలకు హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ, నిమ్స్, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల వైద్యం అందుతోంది. వెల్లూరుకూ ముంబైకీ వెళ్లేవారూ ఉన్నారు. ఎక్కడ చికిత్స పొందినా, పెద్దయ్యాక ఉద్యోగమో పెళ్లో చేసుకుని మరో ఊళ్లో స్థిరపడినప్పుడు వారిని చూసే డాక్టరుకు పాత కథ తెలియదు.

అందుకే కాగితాల ఫైలుకు ప్రాణమంత విలువ. ఏ కణితి, ఏ సంవత్సరం, తలలో ఏ భాగానికి, ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగులు, ఏ మందులు అన్న వివరాలతో ఒక పేజీ సారాంశం ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవాలి. దాని ఫొటో ఫోనులో ఉంచుకోవాలి. ఏటా నరాల పరీక్ష, రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్, థైరాయిడ్ చూపించుకోవాలి. పొగాకు ముట్టకూడదు. గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచవచ్చు కాబట్టి, ఆడపిల్లలు వాటిని వాడే ముందు వైద్యుణ్ణి అడగాలి. మూతి వంకర, చేతి బలహీనత, మాట తడబాటు కనిపిస్తే పసరు వైద్యానికో మంత్రానికో సమయం పోగొట్టకుండా 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రికి చేరగానే మొదట చెప్పాల్సిన మాట ఒక్కటే: “చిన్నప్పుడు తలకు రేడియేషన్ ఇచ్చారు.”